స్టెప్నీకి తాళం ఉంది, కట్టు లేదు

హైదరాబాద్ పాతబస్తీలో కారు ఉన్నవాళ్లందరికీ దాన్ని రాత్రిపూట ఇంటి ఆవరణలో పెట్టుకునే వీలుండదు. శాలిబండ, దబీర్‌పురా, యాకుత్‌పురా, హుస్సేనీ ఆలం గల్లీలు మనుషులు నడవడానికి, గుర్రబ్బళ్లు మెల్లగా పోవడానికి ఏర్పడినవి. బండి గోడకు ఆనుకుని వీధిలోనే తెల్లవార్లూ నిలబడాలి. అందుకే ఇక్కడ స్టెప్నీ మాట ఎత్తితే ముందు వచ్చేది దొంగతనం ఊసే. గొలుసు వేయించాలా, తాళం నట్టు బిగించాలా, తీసి ఇంట్లోనే పెట్టుకోవాలా అన్న దగ్గర చర్చ మొదలై అక్కడే ముగుస్తుంది. భయం అకారణం కాదు. కానీ స్టెప్నీని భద్రంగా ఉంచడమంటే మూడు వేర్వేరు పనులు: ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటం ఒకటి, బ్రేకు పడ్డప్పుడు అది చోటు కదలకుండా చూడటం రెండోది, అవసరం పడ్డ రోజున పనికొచ్చేలా ఉంచడం మూడోది. మనం మొదటి పనికే డబ్బూ బుర్రా ఖర్చుపెట్టి మిగతా రెంటినీ గాలికి వదిలేశాం. పైగా దొంగకు భయపడి చేసే ఏర్పాట్లే చాలాసార్లు ఆ రెంటినీ చెడగొడుతున్నాయి.

మోటారు కార్ల తొలి రోజుల్లో స్టెప్నీ అనేదే లేదు. పంక్చరైతే రోడ్డు పక్కన కూర్చుని, చక్రం బండికి ఉండగానే టైరు ఊడదీసి అతుకు వేసుకోవాల్సిందే. 1904లో వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో, స్టెప్నీ వీధిలో పనిచేసే డేవిస్ సోదరులు గాలి నింపిన టైరు తొడిగిన, ఆకులు లేని రిమ్ము ఒకటి తయారుచేశారు. చచ్చిన చక్రం పక్కన దాన్ని బిగించుకుని కారు మెల్లగా ఊరు చేరేది. ఆ వీధి పేరు వాళ్ల దేశం మరిచిపోయినా మన లారీ డ్రైవర్లు మరిచిపోలేదు. తర్వాత వచ్చిన కార్లలో పూర్తి చక్రమే అదనంగా వచ్చింది, అదీ మడ్‌గార్డు పక్కనో, కారు వెనకో, బయటే. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్‌తో పాటు నిజాముల కార్లు కొన్ని ప్రదర్శనకు ఉన్నాయి. ఆ తరాల బళ్లను చూసే ఆసక్తి ఉన్నవాళ్లు ఒక విషయం గమనించవచ్చు: బయట బిగించే రోజుల్లో స్టెప్నీ బండికి ఒక అవయవం. నడిమధ్య బోల్టుతో గట్టిగా పట్టి ఉంచకపోతే మొదటి గుంతకే రాలిపోయేది కాబట్టి కట్టు తప్పనిసరైంది. అది డిక్కీలోకి వెళ్లాక సామాను అయిపోయింది. ఏడు సీట్ల బళ్లు వచ్చాక డిక్కీలో చోటు చాలక ఇన్నోవా, ఎర్టిగా వంటి వాటిలో వెనక అడుగుభాగానికి దిగింది. సీఎన్‌జీ సిలిండర్లు, బ్యాటరీలు వచ్చాక ఆ చోటూ కరువైంది. చివరికి 2020 జూలైలో కేంద్ర రవాణా శాఖ నిబంధన సడలించింది: మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల వాహనానికి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపించే పరికరం, పంక్చర్ కిట్టు ఉంటే స్టెప్నీ అక్కర్లేదంది. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఈ వందేళ్ల కథలో చక్రం చోటు మారిన ప్రతిసారీ కారణం జాగా ఇబ్బందే. ఎక్కడుంటే ప్రమాదం తక్కువ అన్న లెక్క ఎప్పుడూ వెనకబెంచీలోనే కూర్చుంది.

దొంగతనం సంగతి ముందు తేల్చుకుందాం. కారుకు చాసిస్ నంబరుంది, ఇంజన్ నంబరుంది, పోతే పోలీసులు వెతకడానికి ఒక ఆధారం ఉంది. చక్రానికి అలాంటి ఆనవాలు లేదు. టైరు మీద సీరియల్ నంబరు ఉన్నా దాన్ని రాసి పెట్టుకున్న యజమాని అరుదు. చాలా మోడళ్లలో స్టెప్నీ రిమ్ము, టైరు మిగతా నాలుగింటి కొలతే కాబట్టి ఏ పాత సామాన్ల సంతలోనైనా అడిగేవాళ్లు ఉంటారు. అడుగున వేలాడే స్టెప్నీ అయితే కారు తలుపు తెరవనక్కర్లేదు, అద్దం పగలగొట్టనక్కర్లేదు. అందుకని గొలుసు, తాళం వేసుకోవడంలో తప్పేమీ లేదు. రిమ్ము లోపలివైపు బండి నంబరు పెయింటుతో రాయించడం, టైరు సీరియల్ నంబరు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవడం గొలుసుకన్నా చవక. వాటివల్ల అమ్ముడుపోయే సులువు తగ్గుతుంది. అయితే అడుగున వేసిన తాళాలకు ఒక గుణం ఉంది. వానాకాలం బురద, నీళ్లు పట్టి రెండేళ్లలో తుప్పుతో బిగుసుకుంటాయి. దొంగకు రాని స్టెప్నీ యజమానికి కూడా రాదు. శంషాబాద్ దాటాక అర్ధరాత్రి ఆ సంగతి తెలియడం కన్నా ఇంటి దగ్గర పగలు తెలియడం మేలు.

తాళం మీద నమ్మకం లేనివాళ్లు చేసే రెండో పని చక్రాన్ని బండి లోపలికి తేవడం. వెనక సీటు వెనకాల, కాళ్ల దగ్గర, గూడ్స్ బండైతే బాడీలో ఒక మూల. అసలు సమస్య ఇక్కడ పుడుతుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ కట్టరు. అడిగితే వచ్చే జవాబు ఒకటే: ఇంత బరువుంది, ఎక్కడికి పోతుంది? ఈ జవాబులోని తప్పు పట్టుకుంటే సగం విషయం అర్థమైనట్టే. వస్తువును నేలకు పట్టి ఉంచే రాపిడి దాని బరువును బట్టి పెరుగుతుంది, నిజమే. కానీ బ్రేకు వేసినప్పుడు ముందుకు తోసే బలం కూడా అదే బరువును బట్టి అంతే పెరుగుతుంది. రెండూ కలిసి పెరుగుతాయి కాబట్టి బరువు లెక్కలోంచి ఎగిరిపోతుంది. పది కిలోల చక్రం జారే చోట వంద కిలోల లారీ చక్రమూ జారుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే బండి వేగం తగ్గే తీరు భూమ్యాకర్షణలో 0.8 వంతు దాకా ఉంటుంది. పెయింటు వేసిన ఇనుప నేల మీదా, ప్లైవుడ్ మీదా పడుకోబెట్టిన చక్రానికి దొరికే రాపిడి తరచు అంతకన్నా తక్కువే. నేల తడిగా ఉంటే, ఇసుక ఉంటే ఇంకా తక్కువ. అంటే కట్టని చక్రం కదలడం ఖాయం, ఎప్పుడన్నదే ప్రశ్న.

ఢీకొన్నప్పటి లెక్క మరీ దారుణం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు లారీ వెనక భాగానికి గుద్దుకుని, ముందు భాగం నలుగుతూ 60 సెంటీమీటర్లలో ఆగిందనుకోండి. ఆ కొద్ది క్షణం లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు 16 రెట్ల బలంతో ముందుకు పోతుంది. 20 కిలోల చక్రమంటే 320 కిలోల తోపు. వెనక సీట్లో కూర్చున్న పిల్లల వీపుకూ దానికీ మధ్య ఉన్నది స్పాంజి, రేకు. సీటు బెల్టు పెట్టుకోలేదని జరిమానా కట్టే మనం ఈ ఐదో ప్రయాణికుడికి బెల్టు లేదని గమనించం. ఇక్కడ కొలతలో తేడా కూడా గుర్తుంచుకోవాలి. అమెరికా ఫెడరల్ రవాణా నిబంధనల ప్రకారం సరుకు కట్టు ముందువైపు భూమ్యాకర్షణలో 0.8 వంతు, పక్కలకూ వెనక్కూ 0.5 వంతు తోపును ఆపగలగాలి. అది సరుకు బండిలో గట్టి బ్రేకుకూ మలుపుకూ సరిపోయే కనీసం. మనుషులు కూర్చునే చోటే చక్రం ఉంటే ఆ కనీసం చాలదు, ఢీకొన్నప్పటి బలాన్నే లెక్కపెట్టుకోవాలి. కొబ్బరి తాడు, నైలాన్ తాడు మొదటిదాన్ని ఎలాగో ఆపుతాయేమో గానీ రెండోదాని ముందు నిలవవు.

కట్టడంలోనూ పద్ధతుంది. టైరు రబ్బరు మీదుగా తాడు వేసి ఎంత బిగించినా అది వట్టి భ్రమే. రబ్బరు నొక్కుకుంటుంది, కుదుపులకు ఇంకాస్త సర్దుకుంటుంది, పది కిలోమీటర్లు పోయేసరికి తాడు వదులు. బెల్టు రిమ్ము రంధ్రాల్లోంచి పోవాలి, ఇనుము ఇనుమునే పట్టుకోవాలి. అంతకన్నా మేలైనది కార్ల కంపెనీలు డిక్కీ గుంతలో ఇచ్చే ఏర్పాటే: నేలకు వెల్డింగ్ చేసిన మరలున్న కమ్మీ, అది రిమ్ము నడిమి రంధ్రంలోంచి పైకి వస్తుంది, దాని మీద వెడల్పాటి బిళ్ల, బిళ్ల మీద చెవుల నట్టు. ఏ గూడ్స్ బండి బాడీలోనైనా వెల్డింగ్ దుకాణంలో ఇది చేయించుకోవచ్చు. కమ్మీ కొసన రంధ్రం వేయిస్తే అందులోనే తాళం పడుతుంది. కట్టూ తాళమూ ఒకే వస్తువులో కుదిరిన చోటు ఇదొక్కటే, నా లెక్కలో ఈ ప్రశ్నకు దీన్ని మించిన జవాబు లేదు. ఒక్క జాగ్రత్త: నేల కింద పెట్రోలు ట్యాంకు, సీఎన్‌జీ గొట్టం, బ్యాటరీ ఉన్న చోట డ్రిల్లు గానీ వెల్డింగు గానీ పనికిరాదు.

ట్రెయిలర్ విషయానికొస్తే చిక్కు ఇంకొంత ముదురుతుంది. మన దగ్గర కారు వెనక లాగే ట్రెయిలర్లు తక్కువే గానీ ట్రాక్టరు ట్రాలీలు, పొడవాటి లారీ ట్రెయిలర్లు పాతబస్తీకి కొత్త కాదు. వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఇంజన్‌బౌలి, చార్మినార్, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్ మీదుగా హుస్సేన్‌సాగర్ దాకా సాగే ఊరేగింపులో వందల విగ్రహాలు వెళ్లేది వీటి మీదే. ఆ దారిలోని మదీనా కూడలి దగ్గర ఒక్క ట్రాలీ టైరు పేలితే దాని వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. అప్పుడు ట్రాక్టరుకు స్టెప్నీ ఉన్నా లాభం లేదు, అది ట్రాలీకి పట్టదు. కారుకూ దాని ట్రెయిలర్‌కూ కూడా తరచు ఇంతే: నట్ల సంఖ్య వేరు, నట్ల మధ్య దూరం వేరు, టైరు కొలత వేరు. లాగే బండికి ఒక స్టెప్నీ, లాగబడే దానికి ఇంకొకటి అన్నది మొదటి సూత్రం. ఆటో డ్రైవర్లు ఈ విషయంలో అదృష్టవంతులు. మామూలు బజాజ్ ఆటో మూడు చక్రాలకూ 4.00-8 టైరే కాబట్టి ఏది పోయినా ఒక్కటే ఆదుకుంటుంది.

ట్రెయిలర్‌లో స్టెప్నీ ఎక్కడ పెట్టాలన్నది సౌకర్యం ప్రశ్న కాదు, తూకం ప్రశ్న. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం లాగే హుక్కు మీద పడాలని అమెరికాలో పాటించే లెక్క. యూరప్‌లో ఇంకాస్త తక్కువకు ఒప్పుకుంటారు. హుక్కు మీద బరువు బాగా తగ్గితే వేగంలో ట్రెయిలర్ తోక ఆడించడం మొదలుపెడుతుంది, ఆ ఊపు ముందు బండిని కూడా లాగేస్తుంది. ఇప్పుడు ఒక్కోటి 20 కిలోల చొప్పున నాలుగు అదనపు చక్రాలను ఇరుసుకు రెండు మీటర్ల వెనక, తలుపు దగ్గర పడేశామనుకుందాం. హుక్కు ఇరుసుకు మూడున్నర మీటర్ల ముందుంటే, దాని మీది బరువు 45 కిలోలు తగ్గిపోతుంది. సరుకుతో కలిపి 1500 కిలోల ట్రెయిలర్‌లో 150 కిలోలు ఉండాల్సిన చోట 105 మిగులుతుంది, అంటే ఏడు శాతం. దించుకోవడానికి సులువని తలుపు దగ్గర పెట్టడం ఇంత పని చేస్తుంది. ఇరుసుకు కాస్త ముందు, పక్క కమ్మీకి ఆనించి, ఇరుసుకున్న బోల్టుల్లాంటి బోల్టులే వెల్డింగ్ చేసిన పట్టీకి నట్లతో బిగించడం మేలు. కాడి మీద బిగించడమూ మంచిదే గానీ మలుపులో ముందు బండికి తగలకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన చక్రాలైతే నడిమి రంధ్రాల్లోంచి బెల్టు పోనిచ్చి నేల రింగుకు కట్టి, పైన అడ్డంగా, నిలువుగా ఇంకో రెండు. నిలబెట్టి పెట్టేవాళ్లకు మాత్రం స్టాండు లేకుండా కుదరదు, చక్రం పుట్టిందే దొర్లడానికి.

మూడో మార్గం, చక్రాన్ని బండిలోంచి తీసి ఇంటికి చేర్చడం. దొంగ బాధ తప్పింది, ఢీకొంటే ఎగిరిపడే బాధా తప్పింది. కానీ ఇంట్లో ఉన్న స్టెప్నీ స్టెప్నీ కాదు, అది వట్టి చక్రం. అంతకన్నా పెద్ద చిక్కు, ఇంట్లో చోటు లేక అది డాబా ఎక్కుతుంది. మార్చేసిన పాత టైర్లు, రేకుల కప్పు గాలికి లేవకుండా బరువుకు పెట్టిన టైర్లు, పంక్చర్ దుకాణం ముందు గుట్టగా పడి ఉన్నవి కలిసి పాతబస్తీలోనే కాదు, నగరమంతటా డెంగీ దోమకు నివాసాలు. టైరును ఎలా పడేసినా, ఎటు తిప్పినా లోపలి ఒంపులో నీళ్లు నిలుస్తాయి. ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన తడి గోడ మీద. ఆ గుడ్లు ఎండిపోయి నెలల తరబడి బతికుంటాయి, మళ్లీ వాన పడి నీళ్లు అందుకోగానే పగులుతాయి, వారం పది రోజుల్లో దోమ బయటికొస్తుంది. అందుకే టైరులో నీళ్లు ఒంపేయడంతో పని తీరదు, లోపలి గోడ రుద్ది కడగాలి. 1985లో అమెరికాలోని హ్యూస్టన్ ప్రాంతంలో ఏడిస్ జాతిలోని ఆసియా దోమ స్థిరపడ్డట్టు తేలినప్పుడు, అది సముద్రం దాటింది ఆసియా నుంచి ఓడలో వెళ్లిన పాత టైర్లలోనే అని గుర్తించారు. మలేరియా దోమ గుట్టు 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో విప్పాడని గర్వంగా చెప్పుకునే ఊరు మనది. ఆయన చూసిన దోమ వేరు, జబ్బు వేరు అనుకోండి. మన రెండు రాష్ట్రాల్లో శుక్రవారం డ్రై డే అని ప్రచారం జరిగేది ఈ వారం రోజుల లెక్క మీదే, డాబా మీది టైరు కూడా ఆ లెక్కలోనిదే.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోకపోతే అన్యాయం. రిమ్ముకు తొడిగి గాలి నింపిన టైరు లోపల నీళ్లు చేరవు. దోమల గూడు అయ్యేది రిమ్ము లేని టైరే. కాబట్టి ఇంట్లో ఉంచక తప్పకపోతే రిమ్ముతోనే, కప్పు కింద, ఎండ తగలని చోట ఉంచాలి. రిమ్ముతో ఉన్నవాటిని పడుకోబెట్టవచ్చు, వేలాడదీయవచ్చు. రిమ్ము లేనివాటిని నిలబెట్టి అప్పుడప్పుడు కాస్త తిప్పుతుండాలి, లేకపోతే ఒకేచోట ఒత్తిడి పడి ఆకారం చెడుతుంది. ఎండ, నూనె మరకలు, వెల్డింగు యంత్రాల దగ్గర పుట్టే ఓజోన్ వాయువు రబ్బరును పగుళ్లు తీయిస్తాయి. హైదరాబాద్ మే నెలలో డాబా మీద పడి ఉన్న టైరు రోడ్డెక్కకుండానే ముసలిదైపోతుంది.

ఇంత తతంగం ఎందుకు, స్టెప్నీ కాలమే చెల్లిపోయింది కదా అన్నది బలమైన అభ్యంతరం. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, పాతబస్తీలో ప్రతి మలుపులో పంక్చర్ దుకాణం ఉంది, ప్రభుత్వమే అక్కర్లేదంది. 20 కిలోల బరువు మోసుకుంటూ పెట్రోలు కాల్చడం దేనికి? ఊళ్లోనే తిరిగే కారు వరకు ఈ మాటలో సగానికి పైగా నిజముంది, స్టెప్నీ లేని కారు కొన్నవాళ్లు తప్పు చేశారని నేను అనను. కానీ పంక్చర్ కిట్టు పనిచేసేది టైరు నేలను తాకే భాగంలో పడ్డ చిన్న రంధ్రానికే, ఆరు మిల్లీమీటర్ల దాకా. మన రోడ్ల మీద టైరును చంపేది మేకులు మాత్రమే కాదు. మ్యాన్‌హోల్ అంచు, తవ్వి సరిగా పూడ్చని గుంత, డివైడర్ రాయి టైరు పక్క గోడను కోస్తాయి. పక్క గోడ కోతకు కిట్టు లేదు, అతుకు లేదు. దుకాణాల సంగతికొస్తే, ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద గానీ, 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద గానీ గల్లీ మలుపులు లేవు. సరుకు మోసే బండికీ, ట్రెయిలర్‌కూ 2020 సడలింపు వర్తించదన్నది కూడా మరిచిపోకూడదు.

రెండో అభ్యంతరం బీదరికానిది. రోజు సంపాదన మీద బతికే గూడ్స్ ఆటో డ్రైవరుకు వెల్డింగు, బోల్టు, బెల్టు ఖర్చు ఎక్కడిది అంటారు. గొలుసూ తాళమూ కొనే డబ్బుకు కాస్త కలిపితే కమ్మీ, బిళ్ల, నట్టు వస్తాయి. ఇది అదనపు ఖర్చు కన్నా ఖర్చు దారి మార్చడం. అసలు డబ్బు వృథా అయ్యేది పనికిరాని స్టెప్నీని ఏళ్ల తరబడి మోయడంలో. కొత్త టైర్లు వేయించినప్పుడు అరిగిపోయినవాటిలో ఒకదాన్ని స్టెప్నీ చేయడం మన అలవాటు. రెండు, మూడు చక్రాల బళ్లకు 0.8 మిల్లీమీటర్లు, మిగతా వాటికి 1.6 మిల్లీమీటర్ల కన్నా గాడి తగ్గిన టైరు చట్టం ప్రకారం రోడ్డు ఎక్కకూడదు. స్టెప్నీగా బిగించిన మరుక్షణం ఈ నియమం దానికీ వర్తిస్తుంది. అసలు అరగనే అరగని స్టెప్నీకి వేరే ముప్పుంది, వయసు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి: 3517 అంటే 2017లో 35వ వారం తయారైనదని అర్థం. గాడి కొత్తగా మెరుస్తున్నా పదేళ్లు దాటిన రబ్బరును నమ్మి హైవే ఎక్కడం తెలివి కాదు. కొన్ని కార్లకు సన్నటి తాత్కాలిక స్టెప్నీ ఇస్తారు. దాని మీద 80 కిలోమీటర్ల వేగ పరిమితి అచ్చువేసి ఉంటుంది, దాన్ని నెలల తరబడి వాడేవాళ్లు ఆ అచ్చు చదవలేదనుకోవాలి.

చివరగా గాలి. వాడినా వాడకపోయినా టైరులోంచి గాలి నెలనెలా కొంత పోతూనే ఉంటుంది, అందుకే స్టెప్నీలో మామూలు కన్నా నాలుగైదు పాయింట్లు ఎక్కువ ఉంచడం మంచిది. మన దగ్గర మాత్రం గాలి కొట్టే కుర్రాడు నాలుగు చక్రాల దగ్గరే ఆగిపోతాడు, మనమూ అడగం. ఈ నెల గాలి కొట్టించేటప్పుడు ఐదోదాన్ని కూడా కిందికి దించమనండి. గొలుసు తుప్పుపట్టి దిగకపోతే అక్కడే మార్పించండి. జాకీ, పానా ఉన్నాయో లేదో చూసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూడండి, కదిలితే ఇంటికి కాదు, వెల్డింగ్ దుకాణానికి తీసుకెళ్లండి.